రాగి గొట్టంలో చప్పుడు

మా మామయ్యగారి పాత టర్బో కారును ఇథనాల్‌తో నడిపించాలన్నది నా పంతం. పెట్రోలు కన్నా ఆ ఇంధనం మూడో వంతు ఎక్కువ కావాలి. అందుకని పెద్ద ఇంజెక్టర్లు, పెద్ద పంపు బిగించాను. ఇక మిగిలింది ఏ వేగంలో ఎంత ఇంధనం పోయాలో ల్యాప్‌టాప్‌లో లెక్కలు సరిచేయడమే. కాని టర్బో ఒత్తిడి పెరిగినప్పుడు ఇంధనం కాస్త తక్కువైనా పిస్టన్లు కరిగిపోతాయి. ఆ పిస్టన్లు చేసే కంపెనీ ఎప్పుడో మూతబడింది. ఈ ఇంజిన్ పోతే కారు తుక్కుకే.

షెడ్డులో కారు, చక్రాలు తిరిగినా ముందుకు కదలకుండా, రోలర్ల మీద ఉంది. స్టీరింగ్ ముందు నేను, తెరిచిన బానెట్ పక్కన స్టూలు మీద మామయ్య. ఇంజిన్‌కు బిగించిన రాగి గొట్టానికి రబ్బరు ట్యూబు తొడిగి, దాని రెండో కొసను స్టెతస్కోపులా చెవులకు తగిలించుకున్నారు. లోపల మంట వేళ తప్పి రేగితే సన్నగా టిక్కుటిక్కుమంటుంది. అది వినగానే ఆయన చెయ్యి ఎత్తాలి, నేను కాలు తీసేయాలి. ఏ యంత్రమూ తన చెవికి సాటిరాదని ఆయన ధీమా. నాదీ అదే నమ్మకం. పైగా ఇథనాల్‌తో ఆ చప్పుడు ఒక పట్టాన రాదు. వారం రోజులుగా ఆయన బొటనవేలు పైకే చూపిస్తున్నారు.

"కానీ అమ్మాయ్, ఇంకాస్త పెంచు!"

పెంచాను. నాలుగు వేలు, ఐదు వేలు. రేకుల గోడలు అదిరిపోతున్నాయి. అప్పుడు వినిపించింది, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు. ఉలిక్కిపడి మామయ్య వైపు చూశాను. బొటనవేలు పైకే ఉంది!

కాలు తీసి ఇంజిన్ ఆపేశాను.

"అంత చప్పుడు వినపడలేదా మీకు?"

"ఏ చప్పుడు?"

ఆ మొహం చూడగానే అర్థమైంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వారం నుంచి చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నానన్నమాట!"

అనకూడని మాట. ఆయన ట్యూబు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"మాటలు బానే వినపడతాయమ్మా. ఆ టిక్కుటిక్కులే ఏడాదిగా అందట్లేదు. చెప్తే నన్నిక్కడ కూచోనిచ్చేదానివా?"

కూర్చోనిచ్చేదాన్ని కాదు. అబద్ధం చెప్పే ధైర్యం లేక పానా అందుకున్నాను.

స్పార్క్ ప్లగ్గులు విప్పాను. పిస్టన్లు కరిగితే ఆ గుర్తులు వీటి కొనల మీదే పడతాయి. ఒకదాని కొన మీద నాలుగు మసి చుక్కలున్నాయి, అంతే. పిస్టన్లు బతికాయి. తర్వాత ఇంధనం ఫిల్టరు విప్పితే నా తల కొట్టేసినట్టయింది. ట్యాంకులో ఏళ్ళ తరబడి పేరుకున్న మురికినంతా ఇథనాల్ కడిగి తెచ్చి అందులో కూరింది, దాంతో ఇంజిన్‌కు ఇంధనం చాల్లేదు. కొత్త పంపు మురిపెంలో ఫిల్టరు సంగతే మరిచింది నేను. ఊరికే ఆయన మీద ఎగిరాను.

కొత్త ఫిల్టరు బిగించి, ట్యూబును కిటికీలోంచి స్టీరింగ్ దాకా లాగి చెవులకు నేను తగిలించుకున్నాను.

"కళ్ళైనా సరిగ్గా ఉన్నాయా?"

"సూదిలో దారం ఎక్కిస్తా."

"అయితే పక్క సీట్లో కూచోండి. ఈ ల్యాప్‌టాప్ మీది. ఈ అంకె ఈ గీత దాటిందంటే ఇంధనం చాలట్లేదని. నాకు మీ మాట వినపడదు, భుజం నొక్కండి."

అబద్ధమాడిన మనిషికే మళ్ళీ ఇంజిన్ అప్పగిస్తున్నాను. భయం వేయలేదంటే అది నా అబద్ధం.

నాలుగు వేలు. ఐదు వేలు. గొట్టంలో ఇంజిన్ హోరు తప్ప మరేమీ లేదు. ఐదున్నర దాటగానే నా భుజం మీద ఆయన చెయ్యి గట్టిగా బిగుసుకుంది. కాలు తీసేశాను.

"గీత దాటిందా?"

"లేదు. దాటుతుందేమో అనిపించింది."

తెర మీద నమోదైన గ్రాఫు చూశాను. అంకె గీత దరిదాపులకు కూడా రాలేదు. బంగారంలాంటి పరుగు పాడైంది.

"ఈసారి ముందే చెప్పేద్దామని..." అన్నారాయన. నా భుజం మీద నుంచి ఆ చెయ్యి ఇంకా తీయలేదు.

"మంచిపని చేశారు," అని మళ్ళీ యాక్సిలరేటరు మీద కాలు పెట్టాను.