పైకడ్డీ

కడ్డీ పనివాళ్ళ భాషలో కుర్చీ అంటే కూర్చునేది కాదు. జానెడు ఇనుపముక్కని కాళ్ళు వచ్చేలా వంచి, పైవరస కడ్డీలు కిందికి దిగిపోకుండా వాటి అడుగున నిలబెడతారు. దాన్నే కుర్చీ అంటారు. మామూలు స్లాబుకి బలం అడుగు కడ్డీలో ఉంటుంది గానీ, బాల్కనీకి పైకడ్డీయే ప్రాణం. చెయ్యి చాచి బకెట్టు పట్టుకుంటే లాగేది భుజం పైనే కదా! పైకడ్డీ దిగిపోయిందంటే ఆ బాల్కనీ ఉన్నా లేనట్టే. ఈ సంగతి కడ్డీ మేస్త్రీని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన కొత్తవాళ్ళకి నూరిపోస్తున్న పాఠం ఇదే.

అలాంటివాడే తప్పు చేశాడు. తెలియనివాడు చేస్తే అయ్యో పాపం అనుకోవచ్చు, ఈయన్ని ఏమనాలి?

కాంక్రీటు పోసే రోజు కడ్డీ మేస్త్రీ స్లాబు మీదే ఉండాలి. తట్టలు మోసేవాళ్ళు కడ్డీల మీద నడుస్తారు, కాళ్ళకింద అవి నలుగుతాయి. వాళ్ళ వెనకాలే తిరుగుతూ, దిగిన కడ్డీని కొక్కేనికి తగిలించి పైకి లాగుతూ ఉండాలి. తీగముడులు బిగించేదీ ఆ కొక్కెంతోనే. ఈ బాల్కనీ పోసిన రోజు కుర్చీలు తక్కువ పడ్డాయి. రెండడుగులకొకటి పెట్టాల్సింది నాలుగడుగులకొకటి పెట్టించాడు. 'నేను పక్కనే ఉంటానుగా' అనుకున్నాడు. ఇంతలో కిందనుంచి, స్లాబుకి అచ్చు కట్టే సెంట్రింగ్ మేస్త్రీ కేకేశాడు.

"రా బావా, టీ చల్లారిపోతోంది!"

ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. పాతికేళ్ళుగా ఒకరు పలకలు కొడితే ఇంకొకరు కడ్డీ కట్టారు, అంతే. ఆ మాత్రానికే బావా అంటే బావా అనుకుంటూ సొంత బావమరదుల కన్నా ఎక్కువ తిరిగారు. మేస్త్రీ దిగాడు. ఒక టీ రెండు టీలయ్యాయి. పైకెక్కేసరికి బాల్కనీ నింపి, పైన చదును చేసేశారు.

అనుమానం వచ్చి ఒక తీగముక్క పచ్చి కాంక్రీటులో గుచ్చి చూశాడు. అంగుళం లోతులో తగలాల్సిన కడ్డీ నాలుగంగుళాలు దిగితేగానీ తగల్లేదు. అప్పుడైనా ఒక్క కేక వేస్తే పారలతో తోడి, కడ్డీలు లేపి, మళ్ళీ పోసేవాళ్ళు. సరిగ్గా అప్పుడే ఇంజనీరు ఇంటివాళ్ళతో అంటున్నాడు: "ఈయన కట్టిన కడ్డీ నేను చూడక్కర్లేదండీ."

ఆ మాటకి మేస్త్రీ నోరు కట్టేసినట్టయింది. తీగముక్క జేబులో వేసుకున్నాడు. ఆ ఒక్కచోటే దిగి ఉంటుందిలే అని తనకి తనే చెప్పుకున్నాడు. మూడు వారాలు అదే చెప్పుకున్నాడు. ముద్ద మింగుడుపడలేదు. ఏమైందని భార్య అడిగితే పళ్ళనొప్పి అన్నాడు.

ఇవాళ జాకీలు తీసే రోజు. కాంక్రీటు గట్టిపడేదాకా మోయడానికి బాల్కనీ కింద నాలుగు వరసల ఇనుప జాకీలు నిలబడి ఉన్నాయి. బాల్కనీకి చివరినుంచి గోడవైపు వస్తూ తియ్యాలి. గోడ దగ్గరి ఆఖరి జాకీని మాత్రం సెంట్రింగ్ మేస్త్రీ ఎవరికీ వదలడు, తనే కిందకెళ్ళి కొడతాడు. నేను పెట్టింది నేనే తియ్యాలి అనేది ఆయన పట్టుదల. జాకీ తియ్యగానే ఊడివచ్చే అచ్చు రేకు పట్టుకోడానికి పక్కన ఒక మనిషి కావాలి. ఇవాళ ఆ మనిషి కడ్డీ మేస్త్రీ అల్లుడు.

అల్లుణ్ణి అక్కడ చూడగానే మేస్త్రీ గబగబా దగ్గరికొచ్చాడు.

"బావా, ఇంకో వారం ఉంచకూడదూ?"

"ఏం, నీ కడ్డీ మీద నీకే నమ్మకం లేదా?" అని నవ్వాడు సెంట్రింగ్ మేస్త్రీ.

అదిగో, చెప్పేయాల్సింది అప్పుడే. పోతే పేరు పోయేది, ఒక బాల్కనీ పగలగొట్టేవాళ్ళు. అంతకంటే ఏమవుతుంది? కానీ చుట్టూ పదిమంది ఉన్నారు.

"అదేం లేదు. వానలు పడ్డాయి కదా అని..."

"పైఅంతస్తుకి జాకీలు కావాలయ్యా. ఇంజనీరు ప్రాణం తీస్తున్నాడు."

మేస్త్రీ అల్లుడివైపు తిరిగాడు. "నా కొక్కెం టీకొట్టులో మర్చిపోయాను. తెచ్చిపెట్టు."

"ఇప్పుడా మామయ్యా? ఈ పని అవనివ్వండి."

"ఇప్పుడే! చెప్తుంటే నీక్కాదూ?"

ఎన్నడూ గట్టిగా మాట్లాడని మామ కసిరేసరికి అల్లుడు బిత్తరపోయి వెళ్ళాడు. కొక్కెం మేస్త్రీ నడుముకే ఉంది, చొక్కా కింద.

"బాగుంది, నా మనిషిని పంపేశావా? సరే, రేకు కూడా నేనే చూసుకుంటాలే" అన్నాడు సెంట్రింగ్ మేస్త్రీ.

మొదటి వరస తీశారు. ఏమీ కాలేదు. రెండో వరస, మూడో వరస కూడా వచ్చేశాయి. మేస్త్రీకి ఆశ పుట్టింది. అనవసరంగా భయపడ్డాననుకున్నాడు. అంతలో గోడ అంచునుంచి సన్నగా పొడి రాలింది. సెంట్రింగ్ మేస్త్రీ కింద వంగి సుత్తి ఎత్తాడు.

"బావా!"

"ఏంటయ్యా?"

"జాగ్రత్త" అన్నాడు.

"నీ పని కింద నాకేం జాగ్రత్త!" అని ఆయన ఆఖరి జాకీని కొట్టాడు.

కేక కూడా వినపడలేదు. దుమ్ము తగ్గాక చూస్తే, గోడకి బాల్కనీ లేదు. విరిగినచోట కడ్డీలు వరసగా అడుగున పరుచుకుని ఉన్నాయి. పైన ఒక్కటీ లేదు. కడ్డీ పని తెలిసిన ప్రతివాడికీ అది ఒక్క చూపులో అర్థమైంది.

మేస్త్రీ ముందుకు దూకాడు. చేతులతో పెళ్ళలు లాగాడు. వంగిన కడ్డీ అడ్డం వస్తే నడుమునుంచి కొక్కెం లాగి, తగిలించి, శక్తికొద్దీ పెకలించాడు. "బావా, బావా" అంటూనే ఉన్నాడు. ఒక అరచెయ్యి కనబడింది. పట్టుకుంటే కదల్లేదు.

"ఇంకోడు కూడా ఉండాలి కింద!" అని ఇంజనీరు అరిచాడు. "రేకు పట్టేవాడేడి? మేస్త్రీ అల్లుడేడి?"

"ఇక్కడే ఉన్నానండీ." అల్లుడు వీధిలోంచి పరిగెత్తుకొచ్చాడు, రొప్పుతున్నాడు. "నన్ను మామయ్య పంపించారు."

"ఎక్కడికి?"

"టీకొట్టుకి. కొక్కెం మర్చిపోయారంటే..."

అందరూ మేస్త్రీ చేతివైపు చూశారు.