గుర్రుమనని కుక్క

మొరిగే కుక్క కరవదంటారు పెద్దలు. మొరగని కుక్క సంగతి మాత్రం ఎవరూ చెప్పి చావలేదు. అందుకే గ్యాసు బండ దించడానికి వచ్చినతని పిక్కని టైలరమ్మ ఇంటి కుక్క దొర పట్టుకున్నప్పుడు ఆవిడకి ఏం జరిగిందో ఒక పట్టాన అర్థం కాలేదు. గుర్రుమనలేదు, పళ్లు చూపించలేదు. చప్పుడు లేకుండా లేచింది, కరిచింది, వెళ్లి మళ్లీ తన గోనెపట్టా మీద పడుకుంది.

ఆ మనిషికి కుట్లు పడ్డాయి. ఇంజెక్షన్లన్నిటికీ టైలరమ్మే దగ్గరుండి తీసుకెళ్లింది. కూతురు మాత్రం ఆ సాయంత్రమే తేల్చి చెప్పేసింది.

"అమ్మా, పిల్లని నీ చేతుల్లో పెట్టి ఆఫీసుకెళ్తున్నాను. ఇప్పుడిప్పుడే పాకుతోంది. ఈ ఇంట్లో కుక్కయినా ఉండాలి, నా కూతురైనా ఉండాలి."

కరిచిన కుక్కని పెంచుకునే నాథుడు ఎవడుంటాడు? బయటికి పంపితే దాని గతి ఏమవుతుందో అందరికీ తెలుసు. పోనీ అని మనవరాల్ని వదులుకుంటే, మిషను చప్పుడు తప్ప టైలరమ్మకి పొద్దంతా పలకరించే దిక్కుండదు.

"నేను పెంచిన కుక్క అది. నోరెత్తదు," అన్నాడు భర్త. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఇంత జరిగినా ఆ గొంతులో గర్వం తగ్గలేదు.

టైలరమ్మ పిలిపించిన పశువుల డాక్టరమ్మ దొరని దూరం నుంచే కాసేపు చూసి, "ఇది గుర్రుమనడం ఎప్పుడు మానేసింది?" అని అడిగింది.

"నేనే మాన్పించాను. వీధిలో వాళ్లు గొడవ చేశారు. గుర్రుమన్నప్పుడల్లా చెప్పు తీసుకుని ఒక్కటిచ్చేవాణ్ణి. నాలుగు తగిలేసరికి దారికొచ్చింది."

"దారికి రాలేదండీ. 'నాకు భయంగా ఉంది, దగ్గరికి రాకండి' అని చెప్పుకునే నోరు పోయింది. భయం అలాగే ఉంది. ఇక దానికి మిగిలింది కరవడమే."

ఆ చెప్పుదెబ్బలు పడే రోజుల్లో టైలరమ్మ అక్కడే కూర్చుని కాజాలు కుడుతోంది. వద్దని ఒక్క మాట అనలేదు. ఆయనకి ఎదురు చెప్పడం కాపురానికొచ్చిన కొత్తలోనే మానేసింది.

కూతుర్ని బతిమాలి గడువు అడిగింది. "నెలాఖరు దాకా చూస్తాను. అది కరిచే ముందు హెచ్చరించడం మళ్లీ నేర్చుకుంటే సరే, లేకపోతే పంపెయ్యాలి," అంది కూతురు.

డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. బయటికి తీస్తే మెడకి తాడు, మూతికి చిక్కం. పిల్లకీ కుక్కకీ మధ్య ఎప్పుడూ గడియ పెట్టిన తలుపు. తిట్టడాలూ కొట్టడాలూ బంద్. ఇది ఒక్క ఇంటివాళ్లతో అయ్యే పని కాదు, వీధంతా కలిసిరావాలి. గేటు ముందు నుంచి వెళ్లేవాళ్లు దూరంగా ఆగి, దాని కళ్లలోకి చూడకుండా ఒక ఉడికించిన మాంసం ముక్క విసరాలి. అది గుర్రుమంటే కోప్పడకుండా "సరే దొరా" అని వెనక్కి తగ్గాలి.

"ఇదెక్కడి చోద్యమమ్మా! అందరూ కుక్కకి నోరు ముయ్యడం నేర్పుతారు, మీరు తెరవడం నేర్పుతారా?" అని ఎదురింటి పిన్నిగారు బుగ్గలు నొక్కుకుంది. అలా నొక్కుకున్నావిడే మర్నాడు మొదటి ముక్క విసిరింది. కుట్లు పడ్డ గ్యాసతను కూడా అవతలి గోడకి అతుక్కుపోయి, "నీకో దణ్ణంరా నాయనా," అంటూ విసిరేవాడు. దొర తినేది. మెల్లిగా తోక ఊపడం కూడా మొదలుపెట్టింది. గొంతు మాత్రం పెగల్లేదు.

"ఎంత బుద్ధొచ్చిందో దీనికి!" అని వీధి మెచ్చుకున్న కొద్దీ టైలరమ్మ గడియ పడిందో లేదో లేచి లేచి చూసుకునేది. ఆ ధ్యాసలో ఎవరిదో చొక్కాకి కుడి చెయ్యి ఎడమకి కుట్టిపారేసింది. నెలాఖరు దగ్గరపడింది.

ఆ మధ్యాహ్నం ఆయన దొరని ఉంచిన వెనకగదిలోంచి మంచినీళ్లకి వచ్చి గడియ మరిచిపోయాడు. టైలరమ్మ సూదిలో దారం ఎక్కించి తలెత్తేసరికి చాప మీద పిల్ల లేదు. తలుపు ఓరగా తెరిచి ఉంది.

గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి. దొర మూలకి ఒదిగిపోయి ఉంది. వెనక గోడ, పక్కన బీరువా, ఎదురుగా పిల్ల. పోవడానికి దారి లేదు. పిల్ల దాని చెవి పట్టుకుని పైకి లేవాలని చూస్తోంది. దొర మొహం పక్కకి తిప్పేసుకుంది. మూతి నాక్కుంది. ఒళ్లు కర్రలా బిగుసుకుంది. పరిగెత్తితే దొర బెదిరిపోతుంది, అరిస్తే పిల్ల దాని మీదే పడుతుంది. దేవుడా, ఒక్కసారి గుర్రుమనిపించు తండ్రీ!

వచ్చింది. సన్నగా, తుప్పు పట్టిన కీలులా, దొర గొంతులోంచి గుర్రుమని వచ్చింది. పిల్ల ఉలిక్కిపడి చెవి వదిలేసి కూలబడింది.

"ఏయ్!"

వెనక నుంచి ఆయన. అప్పటికే చెప్పు చేతిలోకి వచ్చేసింది, చెయ్యి పైకి లేచింది.

"చెప్పు దించండి!"

ఆ గొంతు తనదేనని టైలరమ్మకి ఒక్క క్షణం తెలియలేదు. "దాని మీద చెయ్యి పడిందంటే మర్యాదగా ఉండదు. వెనక్కి జరగండి!"

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. టైలరమ్మ నేల మీద కూర్చుని దారపు రీలు దొర్లించింది. రీలు చూసి పిల్ల కిలకిలా నవ్వుతూ పాకి వచ్చింది. గుండెకి అదుముకుని, "సరే దొరా, సరే," అంటూ ఆవిడ వెనక్కి జరిగింది.

దొర కళ్లు గట్టిగా మూసుకుని తల నేలకి ఆనించింది. దెబ్బ కోసం కాచుకుని ఉంది. ఎంతకీ దెబ్బ పడకపోయేసరికి ఒక కన్ను మాత్రం తెరిచి చూసింది.

"నేను కొడతాననుకుంటోంది," అన్నాడు ఆయన.

"అనుకోదూ మరి? నేనూ ఇన్నాళ్లూ అలాగే అనుకుంటూ బతికాను."

ఆయన చెప్పు గుమ్మం బయట పెట్టి, గిన్నెలోంచి మాంసం ముక్క తీసి, దొర కళ్లలోకి చూడకుండా విసిరాడు. దొర చాలాసేపు ముట్టుకోలేదు. గడియ టైలరమ్మే వేసింది.

సాయంత్రం కూతురు వస్తే గడియ మరిచిన సంగతితో సహా అంతా చెప్పింది. కూతురు పిల్ల చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది.

"నిజంగా గుర్రుమందా అమ్మా?"

"గుర్రుమంది. నేనూ గుర్రుమన్నాను," అంది టైలరమ్మ.