సత్తిరాజు గారు వదలని పేజీలు

మా ఊరి శాఖా గ్రంథాలయంలో పిల్లల గదికీ పెద్దల గదికీ మధ్యనున్న గోడలో ఒక గది ఉంటుంది. గోడ మందం జానెడే. గది మాత్రం రైలు ప్లాట్‌ఫారమంత పొడుగు. ఆ మంగళవారం పొద్దున కూడా జాజి తలుపు తోసుకుని లోపలికి వెళ్తుంది.

జాజికి పదిహేనేళ్ళు. పిల్లల గదిలో బల్లల కింద ఆమె మోకాళ్ళు పట్టవు. పెద్దల గదిలో కూర్చుంటే "ఇక్కడేం పనమ్మా నీకు" అంటారు. అందుకని ఏడాది పాటు ఆ పిల్ల రెండు గదుల మధ్య గోడకి ఆనుకుని, నిలబడే చదివింది. అంతకాలం ఒక మనిషి ఆనుకుని నిలబడితే గోడ మాత్రం జరగక ఏం చేస్తుంది?

"తలుపు దగ్గరికెయ్యమ్మా, సున్నం రాలతంది," అంటారు లైబ్రేరియన్ త్రిపురాంబ గారు, పాత పుస్తకానికి కుట్టు వేస్తూ. ఆవిడకి గది కంటే సున్నమే బెంగ.

గదిలో ఒకే ఒక్క అలమారా. అందులోవన్నీ జాజి ఈడు వాళ్ళ పుస్తకాలు. ఒకదాన్ని తాడుతో కట్టి ఉంచాలి, లేకపోతే వెళ్ళి పైకప్పుకి అంటుకుంటుంది. ఇంకొకటి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, ఎందుకంటే దాని కథ సముద్రం అడుగున జరుగుతుంది. మరొకటి తెరిస్తే లోపలున్న రోబో ముందు కాళ్ళు కడుక్కు రమ్మంటుంది. జాజి కడుక్కునే వస్తుంది. అన్నీ చదివేసింది కూడా.

వాటన్నిట్లో ఆమె ప్రాణం 'మూడో లాకు' అనే పుస్తకం. ఆకాశం మూసుకుపోయిన ఊళ్ళో నీలి అనే పిల్ల, డ్రాగన్ గుడ్డుని చంకలో వెచ్చగా పెట్టుకుని, ఆకాశంలోకి ఎక్కే కాలవలో పడవ మీద బయల్దేరుతుంది. దారిలో మూడు లాకులు. మా గోదావరి కాలవల మీద ఉండే లాకుల్లాంటివే అవీ. తలుపులు మూసి, నీళ్ళు నింపి, పడవని పై మట్టానికి లేపుతాయి.

అంతలో సత్తిరాజు గారు వస్తారు. ఈయన పాఠకుల సంఘానికి అధ్యక్షుడు. వెనకాల గవర్రాజు గారూ, పుల్లయ్య గారూ. ముగ్గురూ పొద్దున్నే పేపరు కోసం వచ్చేవాళ్ళే. సత్తిరాజు గారు గోడలోకి తల పెట్టి అలమారా చూస్తారు.

"ఏంటమ్మా ఇయ్యి? డ్రాగన్లూ రాకెట్లూనా? పరీక్షల గైడ్లు పెట్టుకోటానికి చోటు లేక చస్తంటే! మధ్యాహ్నం అప్పన్న బండొస్తంది, పాత పేపర్లతో పాటు ఇయ్యన్నీ తూకానికేసేద్దాం."

జాజి అలమారాకి అడ్డం నిలబడుతుంది. "చదవదగ్గ పుస్తకాలండీ తాతగారూ," అంటుంది.

"చదవదగ్గయ్యని ఎవరు చెప్పారు?"

"నేను చదివానండి."

"నువ్వు చదివితే లెక్కలోకి రాదు. పెద్దోడెవడన్నా మొదట్నించీ చివరిదాకా చదివుండాల. చదివాడా?"

"లేదండి."

"మరి!" అని, ఆయనకే జాలేసినట్టుంది, "సర్లే, బండొచ్చేలోపు పెద్దోళ్ళెవరన్నా ఒక్కటంటే ఒక్కటి పూర్తిగా చదివితే, మొత్తం ఉంచేద్దాం," అని నవ్వుతారు. మిగతా ఇద్దరూ నవ్వుతారు. జాజి నవ్వదు. ఆ మాటని గట్టిగా మనసులో పెట్టుకుంటుంది.

అప్పుడే పేపరొస్తుంది. అక్షరాల్లేకుండా తెల్లగా ఉంటుంది. మొదటి పేజీ అడుగున మాత్రం చిన్న అక్షరాలతో 'నిన్న ఏమీ జరగలేదు' అని ఉంటుంది.

మా గ్రంథాలయంలో పేపరు పద్ధతేంటో ఇక్కడ చెప్పాలి. పేపర్ని ఒక్కరే చదవరు. ఏ ఠావుకి ఆ ఠావు విడదీసి పంచుకుంటారు. మొదటి పేజీలు గవర్రాజు గారివి. ఆటల పిచ్చి కాబట్టి వెనక పేజీలు పుల్లయ్య గారివి. లోపలి పేజీలు సత్తిరాజు గారివి. అవి ఆయన చేతికెళ్ళాయంటే ఇక రావు. చదవడం అయిపోయినా మోకాలి కింద పెట్టుకుని కూర్చుంటారు. "అయిపోయిందాండీ?" అని ఎవరైనా అడిగితే "ఇంకా చూస్తన్నా" అంటారు. అదొక ఉడుంపట్టు.

పేపర్లో ఏమీ లేకపోయేసరికి గోడ పక్క బెంచీ మీద కూర్చున్న ముగ్గురికీ కాళ్ళూ చేతులూ ఆడవు. చేతులు వాటంతటవే గాల్లో పేజీలు తిప్పుతుంటాయి. సత్తిరాజు గారి చెయ్యి ఆయన్ని బెంచీ మీదే వదిలేసి గోడలోకి సాగుతుంది. అలమారాలోంచి 'మూడో లాకు'ని తీస్తుంది. బెంచీ దగ్గరికి తెచ్చి, రోజూ పేపర్ని చేసినట్టే, చర్రుమని మూడు ముక్కలు చేసి పంచేస్తుంది.

"అయ్యో, నిన్ననే కుట్టానండీ దాన్ని!" అని త్రిపురాంబ గారు సూది పట్టుకుని లేస్తారు.

సత్తిరాజు గారు తన చెయ్యి వంక తెల్లబోయి చూసుకుంటారు. "అలవాటండీ," అంటారు.

ఏడవాలో అరవాలో జాజికి తెలియదు. రెండూ చేసేలోపే బెంచీ పొడుగై గోడలోకి సాగుతుంది. ఎవరి పేజీలు కథలో ఎక్కడివో వాళ్ళు అక్కడికి వెళ్ళిపోతున్నారు. గవర్రాజు గారు ఈ చివర కాలవ ఒడ్డున దిగుతారు. సత్తిరాజు గారు మధ్యలో ఎక్కడో ఎత్తున ఆగిపోతారు. పుల్లయ్య గారు పైకి, ఇంకా పైకి వెళ్ళి, తెల్లపంచె చుక్కయిపోతారు. గోడలో గది నిండా కాలవ పారుతోంది. అది ఏటవాలుగా పైకి ఎక్కుతోంది.

జాజి తెల్లపేపర్ని పడవగా మడుస్తుంది. త్రిపురాంబ గారి చెక్క స్కేలుని తెడ్డుగా తీసుకుంటుంది.

"నా స్కేలు మళ్ళీ తెచ్చియ్యాల," అంటారావిడ.

"తెస్తానండి," అని జాజి పడవెక్కుతుంది.

మొదటి లాకు దగ్గర గవర్రాజు గారు అప్పుడే తన పేజీలు ముగించి, చెప్పులు చేత్తో పట్టుకుని ఎదురు చూస్తుంటారు. ముఖం వెలిగిపోతోంది. "పడవ బయల్దేరిందమ్మా! ఆ పిల్ల చంకలో ఏదో గుడ్డుంది. తర్వాత ఏవైందంట?"

"తర్వాతది సత్తిరాజు తాతగారి దగ్గరుందండి."

"అయితే మన పని అయినట్టే. ఆయన వదల్డు," అని నిట్టూర్చి, ఆయన తన పేజీలతో సహా పడవెక్కుతారు. లాకు తలుపు తెరుచుకుని వాళ్ళని పైకి లేపుతుంది.

పైనుంచి పుల్లయ్య గారి గొంతు వినిపిస్తుంది. "ఇక్కడంతా ఏడుస్తన్నారర్రా! సంతోషంగానే ఏడుస్తన్నారు! నేనూ ఏడుస్తన్నా! ఎందుకో ఎవరన్నా చెప్పండి!"

రెండో లాకు మూసి ఉంటుంది. గట్టు మీద సత్తిరాజు గారు కూర్చుని ఉంటారు. పేజీలు మోకాలి కింద, కొబ్బరికాయంత గుడ్డు చంకలో. నీళ్ళు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. కిందెక్కడో అప్పన్న బండి గంట మోగుతుంది. బండి కాలవ అడుగున నింపాదిగా వస్తోంది.

"అయిపోయిందాండీ తాతగారూ? ఇలా ఇవ్వండి."

"ఇంకా చూస్తన్నా."

ఆయన చూడటం లేదు. ఆయన కళ్ళు గుడ్డు మీదే ఉన్నాయి. నెమ్మదిగా అడుగుతారు. "తర్వాత ఏవవుద్దే? గుడ్డు చల్లబడిపోద్దా?"

"చెప్పనండి."

"చదివినదానివేగా. చెప్తే నీ సొమ్మేం పోద్ది?"

"చెప్తే మీరు చదివినట్టు అవదండి," అంటుంది జాజి. ఒక్క ముక్క చెప్పేస్తే ఆయన పేజీలు వదిలేస్తారని ఆమెకి తెలుసు. నోటిదాకా వస్తుంది కూడా. బండి గంట ఇంకా దగ్గరవుతుంది. జాజి పెదవి కొరుక్కుని ఆపుకుంటుంది.

సత్తిరాజు గారు గుడ్డుని ఇంకాస్త దగ్గరికి తీసుకుంటారు. "నాకు పదిహేనేళ్ళప్పుడు మా నాన్న పోయాడమ్మా. పొద్దున పిల్లోణ్ణి, సాయంత్రానికి పెద్దోణ్ణి. మధ్యలో ఏవీ లేదు. అప్పట్నుంచీ ఏ పేజీ తిప్పాలన్నా భయవే నాకు. లోపలి పేజీ మోకాలి కింద ఉంటే తర్వాతది రాదు గదా."

అప్పటిదాకా ఆయన మీదున్న కోపం జాజికి ఎక్కడికి పోయిందో తెలియదు. దాని చోట బోలెడంత జాలి ఉంటుంది, ఇష్టం కూడా ఉంటుంది. పడవ దిగి గట్టు మీద ఆయన పక్కనే కూర్చుంటుంది. ఇద్దరి మోకాళ్ళూ సరిగ్గా ఒకే ఎత్తులో ఉంటాయి. ఏ బల్ల కిందా పట్టని ఎత్తు అది.

"నాకూ భయమేసిందండి, ఇక్కడే. గుడ్డుని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో తిప్పాను."

"నీక్కూడా ఇచ్చారా గుడ్డు?"

"చదివే అందరికీ ఇస్తారండి."

ఆయన గుడ్డుని ఒక చేత్తో పొదివి పట్టుకుంటారు. తర్వాత మోకాలు ఎత్తుతారు.

పేజీలు బయటికొస్తాయి. లాకు తలుపులు కిర్రుమని తెరుచుకుంటాయి. ఎన్నాళ్ళనుంచో ఆగిన నీళ్ళు ఒక్కసారిగా ఉరికి వచ్చి పడవని పైకెత్తేస్తాయి. "ఓలమ్మో!" అని గవర్రాజు గారు పంచె బిగించుకుంటారు. సత్తిరాజు గారు గుడ్డుతో సహా పడవలోకి దూకుతారు. దూకేవాడి వయసు పదిహేనే. మీసాలు నూనూగు మీసాలయ్యాయి గానీ, తెల్లగానే ఉన్నాయి.

"గవర్రాజూ, మొదటి పేజీలు ఇలా తే. మొదట్నించీ చదవాల," అంటారు. దారి పొడుగునా చదువుతూనే ఉంటారు. పడవ మూడో లాకు చేరేసరికి ఆయన మధ్య పేజీలు కూడా ముగిస్తారు. అక్కడ పుల్లయ్య గారు చివరి పేజీలు చాచి, ముక్కు చీదుకుంటూ నిలబడి ఉంటారు. సత్తిరాజు గారు వాటిని గట్టిగా పైకి చదువుతారు. చివరి మాట దాకా చదువుతారు. నలుగురూ ఏడుస్తారు. ఇప్పుడు ఎందుకో పుల్లయ్య గారికి తెలుసు. జాజికి ముందే తెలిసినా మళ్ళీ ఏడుపొస్తుంది.

త్రిపురాంబ గారు మోకాలిలోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి మూడు ముక్కల్నీ వరసలో పెట్టి కుట్టేస్తారు. స్కేలు అడిగి తీసుకుంటారు.

అప్పన్న బండి పైకి తేలుతుంది. అప్పన్న త్రాసు తీసి అలమారాలోని పుస్తకాలన్నీ ఒక పళ్ళెంలో పెడతాడు. పళ్ళెం దిగదు. పైకి లేస్తుంది. పట్టుకున్న అప్పన్న కాళ్ళు బండి మీంచి లేస్తాయి.

"ఇయ్యి నాకొద్దండీ," అంటాడు గాల్లోంచే. "ఎవరో చదివేశారండి. చదివేసినయ్యి తూగవండి."

"ఎవరో కాదు, నేనే," అంటారు సత్తిరాజు గారు. "మొదట్నించీ చివరిదాకా." ఆయన తన జన్మలో ఏ మాటా ఇంత గట్టిగా అనలేదు. పుస్తకాలు ఉంటాయి. గది ఉంటుంది. జాజికి నవ్వొస్తుంది, ఎంతకీ ఆగదు.

ఆ నవ్వుకి ఆయన చంకలో గుడ్డు పగులుతుంది. లోపల్నుంచి ముడుచుకుని ఉన్న చిన్న డ్రాగన్ బయటికొస్తుంది. తడిగా ఉంటుంది. దాని మూడు రెక్కలూ పేపరు ఠావులు. వాటి మీద రేపటి సంగతులు అచ్చయి ఉన్నాయి, సిరా ఇంకా ఆరలేదు. అది చూస్తుండగానే పెరిగి, కాళ్ళతో గ్రంథాలయం పైకప్పుని ఒడిసి పట్టుకుంటుంది. మూడు జతల చేతులు అలవాటు కొద్దీ ముందుకు సాగుతాయి. మొదటి రెక్క గవర్రాజు గారు, వెనక రెక్క పుల్లయ్య గారు పట్టుకుంటారు. లోపలి రెక్క సత్తిరాజు గారి చేతికొస్తుంది.

ఆయన దాన్ని మోకాలి కింద పెట్టుకోరు. చదవరు కూడా. జాజి చేతిలో పెడతారు.

"ముందు నువ్వు చదువమ్మా," అంటారు.

కింద ఊళ్ళో ఇళ్ళ గోడల్లోంచి, బడుల గోడల్లోంచి ముందు మోకాళ్ళు, తర్వాత పదిహేనేళ్ళ పిల్లలు బయటికొచ్చి, తలెత్తి చూస్తూ కాలవ వైపు నడుస్తున్నారు. జాజి ఒక చెయ్యి సత్తిరాజు గారికిచ్చి, రెండో చేత్తో పేజీ తిప్పుతుంది. డ్రాగన్ రెక్క ఒకసారి ఆడుతుంది. గ్రంథాలయం మూరెడు పైకి లేస్తుంది. ఆమె ఇంకో పేజీ తిప్పుతుంది.