తుమ్ము ఫొటో

తిరువూరులో ఫొటో స్టూడియో నడిపే రెహానా పొద్దుటి నుంచీ కంప్యూటర్ ముందే కూర్చుంది. గంపలగూడెం చర్చిలో తీసిన గ్లోరి పెళ్లి ఫొటోలున్న మెమరీ కార్డు పాడైపోయింది. రికవరీ ఎన్నిసార్లు నడిపినా, ఎప్పుడో చెరిపేసిన మామిడితోటల ఫొటోలు వస్తున్నాయి గానీ పెళ్లివి ఒక్కటి తప్ప అన్నీ బూడిదరంగు చారలే. విసుగొచ్చి మౌసు విసిరికొట్టింది.

అంతలో గ్లోరి రానే వచ్చింది. "అక్కా, ఫొటోలు అయ్యాయా?"

రెహానా దాచలేదు. "కార్డు పాడైందమ్మా. మంచివన్నీ పోయాయి. బాలేదని నేనే డిలీట్ చేసింది ఒక్కటి తిరిగొచ్చింది."

తెర మీద చూపించింది: ఉంగరం తొడిగే వేళ తుమ్మొచ్చి పకపకా నవ్వుతున్న గ్లోరి, పక్కన కంగారుపడుతున్న పెళ్లికొడుకు.

గ్లోరికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "ఇది నాకివ్వక్కా. మిగతావాటి కోసం ఇంకోసారి చూడవూ?"

రెహానా పళ్లు బిగించి రికవరీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.