పసుపునీళ్ళకు కదలని మేక

నాకు జంతువుల మాటలు తెలిసేవి. అదేదో గొప్పనుకునేరు, ఏం కాదు. మా సూరత్ బమ్రోలిలో పావురాలు రోజంతా గింజల గురించే పోట్లాడుకునేవి. కుక్కలకు రిక్షాల మీద తప్ప మరో ఫిర్యాదు ఉండేది కాదు. గేదెలైతే మనల్ని లెక్కలోకే తీసుకునేవి కావు. పదహారేళ్ళు విన్నాను కాబట్టి చెబుతున్నాను, వాటి కబుర్లు మన కబుర్లకంటే ఏమంత మెరుగు కాదు. అయినా అవి లేనిదే నాకు ఒక్క పూట గడిచేది కాదు.

కట్టుబాటు ఒక్కటే. వాటితో అబద్ధమాడకూడదు. ఆడితే, అది బయటపడ్డ క్షణాన ఆ విద్య పోతుంది. మా నానమ్మ రాజమ్మకు అలాగే పోయింది. సిరిసిల్లలో చిన్నప్పుడు, అమ్మేసిన బర్రెతో "రేపు మల్ల తోలుకొస్త" అందట.

"అరవై ఏండ్లాయె బిడ్డా. కోడి గూస్తే ఉత్త కూతే ఇనబడ్తది" అని, ఆ మాట చెప్పినప్పుడల్లా మొహం అటు తిప్పుకుంటుంది.

నిరుడు మా నాన్న సోమలింగం కుడిచెయ్యి సాంచలో పడింది. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం. వేళ్ళు ముడుచుకుపోయాయి. తెగిన పోగు ముడి వేయలేని చేతికి సూరత్‌లో ఎవడిస్తాడు పని? పోశమ్మ తల్లికి యాటను, అంటే మేకను బలిస్తానని, మా అమ్మ మొక్కింది. చెయ్యి ఆపరేషన్‌తో బాగైందో, మొక్కుతో బాగైందో నాకు తెలియదు. నాన్నకు మాత్రం బాగా తెలుసు, మొక్కుతోనే.

కడోదరా నుంచి మేకపిల్లను తెచ్చి, పెంచమని నాకు అప్పజెప్పారు. చూడండి వీళ్ళ తెలివి. "పేరు వెట్టకు" అంది నానమ్మ. నేను పెట్టలేదు. అదే నాకు పెట్టింది, "ఆకు తెచ్చేది" అని. ఎనిమిది నెలలు మా గుమ్మంలో పెరిగింది. ఆ దడదడ చప్పుడు ఏమిటని అడిగితే సాంచలని చెప్పాను. వాన ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగితే తెలియదన్నాను. తనను ఎందుకు పెంచుతున్నారని మాత్రం ఎన్నడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆషాఢంలో బోనాల ఆదివారం వచ్చింది. మొక్కిన యాట మీద పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఎవరూ కత్తి ఎత్తరు. నీళ్ళు పడితే ఏ మేకైనా విదిలిస్తుంది కదా. గుడి ముందర మాది విదిలించలేదు. భయంతో బిగుసుకుపోయి నన్నే చూస్తూ నిలబడింది. రెండో చెంబు పోశారు. మూడో చెంబూ పోశారు. డప్పులు ఆగిపోయాయి.

"నన్నేం చేస్తారు?" అంది మేక. నా ఒక్కదానికే వినబడింది.

నాన్న తన చెయ్యి చూసుకున్నాడు. బాగైన వేళ్ళు ఒక్కొక్కటే మళ్ళీ లోపలికి ముడుచుకుంటున్నాయి. భయానికే అలా అవుతోందని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం?

"తల్లి ఒప్పుకుంటలేదు. ఇగ నేను సాంచ ముట్ట" అన్నాడు మెల్లగా.

నానమ్మ నా పక్కకు వచ్చింది. "హారతీ, నీ మాట ఇంటది. జర జెప్పు."

"నిజం జెప్తే ఇంటదా నానమ్మా?"

"ఇనది."

"మరి?"

"నేనేమడుగుతున్ననో నాకెరికే. ఆపైన నీ ఇష్టం బిడ్డా."

ఒళ్ళు మండిపోయింది. ఇష్టమట. ఎవరి ఇష్టం ఇక్కడ నడిచింది గనక?

నాన్న ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళు విప్పబోతున్నాడు. అవి రావడం లేదు. మొండి మనిషి, చెయ్యి సాంచలో పడ్డ రోజు కూడా కంటతడి పెట్టలేదు. ఇప్పుడు అంతమందిలో ఏడుస్తున్నాడు. నేను చూడలేకపోయాను.

వెళ్ళి మేక ముందు కూర్చున్నాను. దాని గుండె కొట్టుకోవడం తాడు మీద నుంచి తెలుస్తోంది.

"ఏం చెయ్యరు. వీపు మీద ఈగ వాలింది, దులుపుకో" అన్నాను.

మేక నన్ను నమ్మింది. ముట్టె నుంచి తోక దాకా ఒళ్ళంతా విదిలించింది. పసుపునీళ్ళు నా మొహాన పడ్డాయి. డప్పులు మళ్ళీ మోగాయి. జనం దండాలు పెట్టారు. నాన్న వేళ్ళు విచ్చుకున్నాయి, ఆ చేత్తోనే నా తల నిమిరాడు.

"ఎగిరిపోయింది. ఇప్పుడు హాయిగా ఉంది" అంది మేక.

దాన్ని గుడి వెనక్కి నడిపించుకుపోయారు. మలుపు దగ్గర ఆగి, నావైపు తిరిగి గట్టిగా అరిచింది. నాకు ఉత్త అరుపే వినబడింది, ఏమందో తెలియలేదు.