పదకొండు నిమిషాల చదువు

సోమవారం ట్రెయినింగులో కొత్త పద్ధతి చెప్పారు. బొమ్మ చూపించి మాట మొత్తం ఒకేసారి చదివించడం ఇక చెల్లదు. మూడో తరగతికి అక్షరాలు, గుణింతాలు మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.

వాసవీకుమారి నోట్సు రాసుకుంది. ఒడిశాలోని బరంపురం బడిలో ఇరవై ఏడేళ్ల సర్వీసు. ఇది నాలుగో పద్ధతి. కోపం కూడా రాలేదు.

శుక్రవారమే పరీక్ష. పిల్లలకు బొమ్మల్లేని కాగితం ఇచ్చి చదవమంటారు. చదవలేకపోతే తెలుగు సెక్షన్ నుంచి తీసి ఒడియా సెక్షన్లో వేస్తారు. క్లాసులో అందరూ గట్టెక్కుతారు, ఇంద్రజ తప్ప. బొమ్మ ఉంటే ఆ పిల్ల గడగడా చదువుతుంది. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెడితే నోరు పెగలదు.

సోమవారం సాయంత్రమే వాసవీకుమారి లంజిపల్లిలో ఇంద్రజ ఇంటికి వెళ్లింది. నాయనమ్మ బంగారమ్మ తలుపు తీసింది.

"మామ్మా, పిల్లకి రోజూ గుణింతం సెప్పాల."

"ఏటమ్మా, మళ్లీ అను? రెండేళ్ల కిందట ఈ గుమ్మంలోనే నిలబడి ఏటన్నావు? ఇంట్లో గుణింతాలు సెప్తే గుంట బుర్ర పాడైపోద్దన్నావా, నేదా?"

"అన్నాను."

"నీ మాట ఇని పలక అటకెక్కించీసినాను."

"దించండి."

"నువ్వే దించు. నాకు మోకాళ్లు నొప్పి."

వాసవీకుమారి స్టూలెక్కింది. ఆమెకూ మోకాళ్లు నొప్పే.

నాలుగు సాయంత్రాలు ముగ్గురూ కూర్చున్నారు. ఒకటో తరగతిలో నాయనమ్మ నేర్పినది పిల్లకు కొద్దికొద్దిగా గుర్తొచ్చింది.

శుక్రవారం పరీక్ష పెట్టడానికి హేమచంద్ర ట్యాబ్ పట్టుకొని బడికి వచ్చాడు. బ్లాక్ ఆఫీసు మనిషి. ఇంద్రజకు కాగితం ఇచ్చాడు. ఎనిమిది లైన్లు.

పిల్ల అక్షరం కింద వేలు పెట్టింది. "క గుడిస్తే కి..." అని గొణుక్కుంటూ మాట కట్టింది. తర్వాత ఇంకో మాట. హేమచంద్ర రెండుసార్లు వాచీ చూశాడు. పదకొండు నిమిషాలు పట్టింది. ఒక్క తప్పు లేదు.

ట్యాబ్‌లో రెండే గడులు. ఒకటి 'ధారాళంగా చదివింది', రెండోది 'చదవలేదు'.

"మేడమ్, ఇది చదవడం కాదు. కూడబలుక్కోవడం."

"మీరెలా నేర్చుకున్నారు సార్?"

"రంభలో, మా ఊరి బడిలో. ఇలాగే." అతని వేలు రెండో గడి మీద ఆగింది. "కానీ దానికి ఇందులో గడి లేదు."

"మూడు నెలలు గడువివ్వండి. బడి వదిలాక రోజూ గంట నేను చదివిస్తాను."

"రాసివ్వండి."

రాసిచ్చింది. అతను ట్యాబ్‌లో వెనక పేజీకి వెళ్లి, హాజరు దగ్గర నొక్కాడు. "పిల్ల ఇవాళ రాలేదని వేశాను. రానివాళ్లకు మూడు నెలల్లో మళ్లీ పరీక్ష పెడతారు."

అతను వెళ్లాక ఇంద్రజ కాగితం మడతపెట్టింది.

"మేడమ్, నాను వచ్చినాను కదా?"

"వచ్చినావు. సోమవారం నించి నాలుగు తర్వాత కూడా ఉండాల."

"ఎంతసేపు?"

"గంట."

పిల్ల మొహం మాడిపోయింది. వాసవీకుమారిదీ అంతే.