చింతచీల

రంగప్పకి కొత్త వస్తువు కంటబడితే చెయ్యి ఊరుకోదు. హిందూపురం సంతకు బెల్లం తోలుకొని పోయినప్పుడల్లా ఏదో ఒకటి పట్టుకొచ్చేవాడు. ఒకసారి టార్చిలైటు, ఒకసారి కిరసనాయిలు స్టవ్వు, ఇంకోసారి అలారం గడియారం. ఆ గడియారం మొదటిసారి మోగినప్పుడు కొట్టంలో దూడ తాడు తెంపుకొని పరిగెత్తింది. తమ్ముడు నరసింహులు పొట్ట పట్టుకొని నవ్వాడు.

"కోడి ఉండాది కదన్నా, గడియారం యాల? కోడికైతే కీ ఇచ్చే పని ల్యా."

"నువ్వు మారవు రా!" అనేవాడు రంగప్ప. కసిరినా అందులో కోపం ఉండేది కాదు. పాలు మరవకముందే తల్లి పోయిన పసివాణ్ణి చంకనేసుకొని తిప్పి పెంచినవాడు రంగప్పే. పెళ్ళయి ఆడపిల్లల తండ్రయినా నరసింహులు అతని కంటికి ఇంకా చంకలో పిల్లోడే. ఈ లోకంలో రంగప్పకి ప్రాణం ఎక్కడుందంటే ఆ తమ్ముడి మీదే ఉంది.

పెనుకొండ నుంచి గోరంట్లకు పోయే దారిలో వాళ్ళ ఊరు. బావి కింద చెరకూ వరీ పండేవి. ఎద్దులతో తోలుబాన లాగించి ఆ బావిలో నీళ్ళు తోడే కపిల నరసింహులిది. కపిల తోలడంలో వాడికి చుట్టుపక్కల ఊళ్ళలో సాటి లేడు. ఎద్దులు పల్లానికి దిగేటప్పుడు మోకు మీద ఒక పక్కగా కూర్చుని పాట ఎత్తుకుంటే, దారిన పోయేవాళ్ళు నిలబడి వినేవాళ్ళు. ఎద్దులు ఆ గొంతుకే నడిచేవి. "ఒహో" అన్నాడంటే ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేవి.

వినేవాళ్ళకేం, బాగానే ఉంటుంది! కోడి కూయకముందు మొదలుపెడితే ఎండ ముదిరేదాకా అదే పని. మోకు రాసుకొని వాడి తొడలు కాయలు కాచాయి. నడుము పట్టేసి, ముప్పై దాటకుండానే ముసలాడిలా వంగి లేచేవాడు. భార్య నీలావతి రోజూ ఆముదం కాచి మర్దన చేసేది. ఆమెది ధర్మవరం. అక్కడ కరెంటు వచ్చి వీధి దీపాలు కూడా వెలుగుతున్నాయి.

"బావా, మోటారు పెట్టించు. ఈయప్ప నడుం చూడలేకుండా ఉండా" అని ఒకరోజు రంగప్పని అడిగేసింది.

అసలే కోతి, ఆపైన కల్లు తాగింది అన్నట్టయింది. ఊరికి కరెంటు స్తంభాలు వచ్చిన ఏడాదే రంగప్ప కపిల ఎద్దుల్ని తాడిమర్రి ఆసామికి అమ్మేశాడు. దున్నకానికి ముసలి జత ఒకటి మాత్రం ఉంచుకున్నాడు. హిందూపురం నుంచి మోటారు తెచ్చి బావి లోపల నీళ్ళకు పైనున్న గట్టు మీద బిగించారు. స్టార్టరు పైన చిన్న కొట్టులో పెట్టారు.

మొదటిరోజు నీళ్ళు పైపు నిండా దుమికితే నరసింహులు పంచె ఎగ్గట్టి ఆ ధార కింద తల పెట్టాడు. పెట్టి, "నా! నా!" అని అన్నను కేకేస్తూ నవ్వాడు. రంగప్పకి కళ్ళ నీళ్ళొచ్చాయి. అబద్ధమెందుకు, ఆ మోటారు వల్ల ఆ ఇల్లు సుఖపడింది. నరసింహులు తెల్లారేదాకా నిద్రపోవడం నేర్చుకున్నాడు. నడుము నిలబడింది. ఒంటికి కాస్త కండ పట్టింది. ఉన్న ఎకరానికి అదనంగా ఇంకో ఎకరం వరి నాటారు. నీలావతి ఆముదం చట్టి అటక మీద పెట్టేసింది.

ఇక కరెంటు సంగతి! వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు. పోయినప్పుడు స్టార్టరు పిడి టక్కుమని దానంతట అదే కింద పడుతుంది. మళ్ళీ కరెంటు వచ్చినప్పుడు మనిషి పోయి పిడి ఎత్తితేనే మోటారు తిరుగుతుంది. ఇంటికీ చేనుకీ మైలు దూరం. ఎన్నిసార్లని పోతాడు మనిషి? రంగప్పకి మహా చికాకైంది. ఒకరోజు చింతకొమ్మ చెక్కి చీల తయారుచేసి, పిడి పడకుండా దాని సందులో దిగగొట్టాడు. ఇక కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు తనకు తానే మొదలవుతుంది.

నరసింహులు తల గోక్కున్నాడు. "అది పడిపోవల్లనే అట్ల చేసినారేమో నా?"

"చేసినోనికి మన మడి సంగతి ఏం తెలుసు రా?" అన్నాడు రంగప్ప.

ఊరంతా వచ్చి ఆ చీలను చూసిపోయింది. ఏం తెలివప్పా రంగప్పది అన్నారు. నెల తిరక్కుండా మోటారున్న ప్రతివాడి స్టార్టరులోనూ చింతచీల ఉంది. కొంతకాలానికి పైపు తడిచేత్తో ముట్టుకుంటే కరెంటు తగిలి చెయ్యి జుమ్మనడం మొదలైంది. దానికీ నవ్వుకున్నారు. మెకానిక్కుని పిలవాలి అని రంగప్ప అనుకున్నాడు. పంట కోసినాక పిలుద్దాంలే అని మళ్ళీ అనుకున్నాడు.

ఆ ఏడు వరి పొట్ట మీదుంది. పక్షం రోజులు నీళ్ళు ఆగితే తాలు తప్ప గింజ మిగలదు. సరిగ్గా అప్పుడే పైపులో ధార సన్నబడి, చివరికి ఆగిపోయింది. పైపు చివర నీళ్ళలో ఉండే ఫుట్‌వాల్వుకి పాచి పట్టింది. ఊళ్ళో అందరూ దాన్ని ఫుట్‌బాలు అనేవాళ్ళు. మనిషి నీళ్ళలో దిగి చేత్తోనో కాలితోనో రాలగొడితే తప్ప ఆ పాచి పోదు. పొద్దున్నుంచీ కరెంటు లేదు. మంచి సమయమే దొరికిందిలే అని అన్నదమ్ములిద్దరూ బావి దగ్గరికి వచ్చారు.

వాళ్ళ నాయన కాలం నుంచీ ఆ ఇంట్లో ఒక కట్టుబాటుంది. మనిషి బావిలో దిగితే ఎద్దుల మెడ మీంచి కాడి దిగాలి. కింద మనిషి ఉన్నప్పుడు ఎద్దులు బెదిరి కదిలితే నీళ్ళబాన వచ్చి నెత్తిన పడుతుంది. ఆ ఊళ్ళో అట్లా పోయినవాళ్ళు ఉన్నారు. అందుకే దిగేవాడు అడగాలి, పైవాడు బదులు చెప్పాలి. అప్పుడే దిగాలి.

ఆ పూట ముసలి ఎద్దులు బావి పక్క పొలం చెక్కలో కాడి కింద నిలబడి ఉన్నాయి. నరసింహులు అంతదాకా దున్ని, మడక అక్కడే ఆపి వచ్చాడు. బావి మెట్ల మీద ఆగి అలవాటుగా అడిగాడు.

"కాడి దించినావా నా?"

కపిల లేదు, బాన లేదు. ఆ ఎద్దులకీ బావికీ ఏ సంబంధమూ లేదు. అయినా రంగప్ప పోయి కాడి విప్పి నేల మీద పెట్టాడు. ఎద్దుల్ని కానుగ చెట్టుకు కట్టేశాడు. నాయన చెప్పినట్టే అన్నీ సక్రమంగా చేశాడు.

"దించినా. దిగు రా."

నరసింహులు దిగాడు. పైపు పట్టుకొని పీకల్లోతు నీళ్ళలో నిలబడి, కాలితో పాచి తన్నుతూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. రంగప్ప గట్టున కూర్చుని బీడీ ముట్టించాడు. ఎదురుగా పొట్ట మీదున్న పైరు. మనసు నిమ్మళంగా ఉంది.

అంతలో మోటారు గుంయ్యిమంది.

రంగప్పకి కలిగిన మొదటి భావం సంతోషం. హమ్మయ్య, కరెంటొచ్చింది అనుకున్నాడు. అట్లా అనుకున్నందుకు ఆ తర్వాత బతికినన్నాళ్ళూ తన్ను తాను తిట్టుకున్నాడు.

"ఒహో!"

బావిలోంచి ఒక్కటే కేక. ఎద్దుల్ని ఆపే కేక. కానుగ చెట్టు కింద ముసలి ఎద్దులు నములుతున్న నోరు ఆపి, కదలకుండా నిలబడ్డాయి. మోటారు ఆగలేదు.

రంగప్ప కొట్టులోకి ఉరికాడు. చీల బిగుసుకుపోయి ఉంది. అంత గట్టిగా దిగగొట్టిందెవరు, తనే కదా! గోళ్ళు ఊడివచ్చేలా పీకితే చివరికి వచ్చింది. పిడి కిందికి లాగితే టక్కుమని పడింది. "నరసిమ్మూ! ఒరే నరసిమ్మూ!" అని మెట్ల మీద పడుతూ లేస్తూ దిగాడు. నరసింహులు నీళ్ళ మీద తేలుతున్నాడు. చిన్నప్పుడు చంకనేసుకున్నట్టే వాణ్ణి ఎత్తుకొని పైకి తెచ్చాడు. ఊరు చేరింది. బండి కట్టుకొని పెనుకొండ ఆస్పత్రికి పోయారు. ఆస్పత్రివాళ్ళు మాత్రం ఏం చేస్తారు, పోయిన ప్రాణాన్ని తెచ్చిస్తారా?

ఆ సాయంత్రమే ఊళ్ళో అందరూ తమ తమ చీలలు పీకి పారేశారు. దినాలు పూర్తయ్యేసరికి ఒక్కొక్కరే మళ్ళీ చెక్కుకున్నారు. మనుషులంటే అంతే! పంట ఎండుతుంటే పక్కింటి చావు ఎన్నాళ్ళు గుర్తుంటుంది?

కర్మంతరం మర్నాడు రంగప్ప గడ్డపార భుజాన వేసుకొని బావి దగ్గరికి పోయాడు. మోటారును ముక్కలు చేసి ఆ బావిలోనే పారేయాలని. వెనకాలే నీలావతి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆమెకి.

"పగలగొట్టు బావా. రేపట్నించి ఈ మడికి నీళ్ళు యాడ్నించి తెస్తావో అది చెప్పి పగలగొట్టు."

రంగప్ప గడ్డపార భుజం మీంచి దించి చేత పట్టాడు.

"కపిల ఎద్దుల్ని అమ్మేస్తిమి. బాన ఎలకలు కొట్టేసినాయి. కపిల తోలే మనిషి మట్టిలో ఉండాడు. ఆడపిల్లలు ఇంట్లో ఉండారు. ఏం తిని బతకల్ల వాళ్ళు?"

"నేనే చంపినా కద మ్మా వాన్ని. నా చేతుల్తో నేనే."

"మోటారు పెట్టించమని అడిగింది నేను కాదా? నన్నేం చేస్తావు? నన్నీ గడ్డపారతో పొడుస్తావా?"

గడ్డపార రంగప్ప చేతిలోంచి జారింది. నేల మీద కూలబడి, ఆడదాని ఎదుట అనే సిగ్గు కూడా లేకుండా నెత్తి బాదుకొని ఏడ్చాడు. నీలావతి అతన్ని ఊరడించలేదు. ఊరడించడానికి ఆమె దగ్గర మాత్రం ఏముంది? కొట్టులోకి పోయి, తాళి లేని మెడ మీదికి కొంగు లాక్కొని, పిడి ఎత్తింది. నరసింహులు పాచి రాలగొట్టిన పైపు నిండా నీళ్ళు దుమికి కాలవలో పడ్డాయి.

పైరు బతికింది. బతకడం కాదు, ఆ మడిలో అంత పంట అంతకుముందు ఎన్నడూ పండలేదు. చూసినవాళ్ళంతా ఏం పంటప్పా అన్నారు.

కొత్త బియ్యం వండిన రోజు నీలావతి రంగప్పకి అన్నం వడ్డించింది. అతను కంచం పక్కకు జరిపాడు. ఆ బియ్యం తప్ప ఇంట్లో వేరే గింజ లేదు.

"తిను బావా" అంది నీలావతి.

తిన్నాడు.